అయిదో సంచి

విత్తనానికి మందు పట్టించే రోజున వీరవేణి ఇంటి దగ్గరే కడుపు నింపుకుని బయల్దేరుతుంది. ఒకసారి చెయ్యి మందులో పెట్టాక పని అయ్యేదాకా ఆ చెయ్యి నోటి దగ్గరికి రాకూడదు. వక్కపలుకు కూడా వేసుకోకూడదు. కడియం నర్సరీల్లో పదిహేడేళ్లు పనిచేసినందుకు ఆమెకి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు గానీ ఈ ఒక్క నియమం మాత్రం ఒంట్లోకి ఇంకిపోయింది.

శనివారం పొద్దుటి నుంచీ శ్రావణం వాన. విత్తనాల షెడ్డులో పొడుగాటి బల్ల ఉంది. బల్ల మీద పెట్టిన సంచి మందు పట్టించాల్సింది, బల్ల కిందకి దించింది పట్టించేసింది. ఈ సంగతి ఎక్కడా రాసి పెట్టలేదు. రాసినా చదివేవాళ్లు ఆ షెడ్డులో లేరు.

మేస్త్రీ పెదబాబు గొడుగు మూయకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. "బల్ల మీదవన్నీ మధ్యాహ్నానికి అయిపోవాలి. సోమవారం ట్రేలు నింపాలి."

"అయిదున్నాయండి మేస్త్రీగారూ. నాలుగే కదండీ అన్నారు నిన్న."

"అయిదుంటే అయిదు పట్టించు. నాకు నువ్వు లెక్కలు చెబుతావేంటి?"

చెప్పనని వీరవేణి తల ఊపింది. నాలుగూ కంపెనీ సంచులు, మీద కాయగూరల బొమ్మలు. అయిదోది తెల్ల గుడ్డసంచి, మూతికి ఆకుపచ్చ రిబ్బను ముడి. విప్పి చూస్తే గుమ్మడి గింజలు. లావుగా, పాలరంగులో, ఒక్క తాలు లేకుండా ఉన్నాయి. ఎవరో రైతు నాటు విత్తనం ఇచ్చి నారు పోయమన్నాడనుకుంది.

మూతున్న నీలం డ్రమ్ములో కిలో గింజలు పోసి, నీళ్లు చిలకరించి, కిలోకి మూడు చెంచాల చొప్పున తెల్లపొడి వేసి, మూత బిగించి, నేల మీద కాలితో అటూ ఇటూ దొర్లించాలి. గింజ గింజకీ పట్టాక తీసి, బరకం మీద పల్చగా నెరిపి, ఫ్యాను వెయ్యాలి. పోయినేడు దాకా మందు గులాబీరంగులో వచ్చేది. పట్టించిన విత్తనం పెళ్లికూతురిలా ఎర్రబడేది, పొరపాటున కూడా ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ఈసారి వచ్చింది రంగు లేని రకం. మన ట్రేల్లోనే మనం చల్లుకునే విత్తనానికి సోకులెందుకన్నాడు పెదబాబు. ఆరాక చూస్తే, పట్టించిన గింజకీ పట్టించని గింజకీ తేడా దేవుడికి కూడా తెలియదు.

సోమవారం ట్రేల దగ్గరికి నాలుగు సంచులే వచ్చాయి.

"అయిదోది ఏదండి?"

"అది అమ్మగారిది. నిన్న ఆవిడే వచ్చి పట్టుకెళ్లారు," అన్నాడు పెదబాబు. అని, ఏదో గుర్తొచ్చినవాడిలా ఒక్క క్షణం ఆగి, ట్రాక్టరు వైపు వెళ్లిపోయాడు.

డాబా మీద కుండీల్లో గుమ్మడి పాదు పెడతారు కాబోలు అనుకుంది వీరవేణి. కుండీలో గుమ్మడి పాదేంటని నవ్వుకుంది కూడా.

నర్సరీ యజమాని సుధాకర్ గారి భార్య హేమశ్రీ గారు ఈ మధ్య అన్నాన్ని పరాయిదాన్ని చూసినట్టు చూస్తున్నారు. ఆవిడ బీఎస్సీ చదివారు. ఇరవై ఏళ్లు ఆ చదువు పప్పులో, పులుసులో కలిసిపోయింది. ఫోన్లో ఒక ఛానెల్ పెట్టుకున్నాక మళ్లీ పైకి తేలింది. ఛానెల్లో ఆవిడ గింజల గురించి చెబుతారు. ముందు అవిసెలు, తర్వాత నువ్వులు, పొద్దుతిరుగుడు, ఇప్పుడు గుమ్మడి. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం పేరంటానికి వచ్చే నలభై మందికీ వాయనంలో ఒక్కో గింజల పొడి పొట్లం పెట్టాలని ఆవిడ నిర్ణయం. తర్వాత ఎవరైనా కొనుక్కుంటామంటే అది లక్ష్మీదేవి దయ.

మంగళవారం పొట్లాలు కట్టడానికి వీరవేణిని ఇంట్లోకి పిలిపించారు. కాళ్లు కడుక్కుని, చేట పట్టుకుని వంటింట్లో అడుగుపెట్టేసరికి వేయించిన నువ్వుల వాసన కమ్మగా ఉంది. గట్టు మీద మూడు పెద్ద స్టీలు డబ్బాల నిండా పొడి. డబ్బాల పక్కన ఖాళీ గుడ్డసంచి మడత పెట్టి ఉంది, దాని మీద ఆకుపచ్చ రిబ్బను చుట్టి ఉంది.

వీరవేణి చేతిలోని చేట గోడకి తగిలింది.

"నెమ్మది. రికార్డు అవుతోంది," అన్నారు హేమశ్రీ గారు. ఫోను ఉప్పుడబ్బాకి ఆనించి ఉంది. ఆవిడ జడ ముందుకి వేసుకుని చెబుతున్నారు. "వంద గ్రాముల గుమ్మడి గింజల్లో దగ్గర దగ్గర ముప్పై గ్రాముల మాంసకృత్తులు ఉంటాయండి. జింకు, మెగ్నీషియం, ఇనుము. మగవాళ్లకైతే మరీ మంచిది. చాలామంది పైపొట్టు తీసి పారేస్తారు. నేను తియ్యను. పొట్టుతో సహా దోరగా వేయించి పొడి కొడతాను. పీచంతా అందులోనే కదండీ ఉంది! ఇప్పుడు ఒక్క చెంచా..." చెంచా నోటి దాకా ఎత్తి, కళ్లు మూసుకుని, తల ఆడించి, ఫోను ఆపగానే చెంచాలోది మళ్లీ డబ్బాలో పోసేశారు. "అబ్బ, ఈ వగరు నాకు పడదే బాబూ!"

"అమ్మగారండీ, ఆ సంచి..."

"ఏ సంచి?"

"ఆ తెల్లసంచండి. షెడ్డులో బల్ల మీదుంది కదండీ..."

"అవును, నేనే పంపించాను. ఇల్లంతా చెమ్మ, గింజలు మెత్తబడిపోతున్నాయి. ఫ్యాను కింద ఆరబెట్టించమని పెదబాబుతో చెప్పాను. ఆరబెట్టింది నువ్వేనా? చక్కగా ఆరబెట్టావ్. గలగలలాడాయి."

"విత్తనం తినకూడదండి."

హేమశ్రీ గారు జాలిగా నవ్వారు. "అదే మీ అందరికీ తెలియంది. విత్తనం అంటే ఏంటనుకున్నావ్? ఒక మొక్క మొత్తానికి దేవుడు సర్ది పంపిన క్యారేజీ. అందులో లేనిది లేదు. మీ అమ్మాయికి కూడా చెప్పాను నిన్న, ఒట్టి మనిషి కాదు కదా, రోజూ తినమని."

పక్కగదిలోంచి సుధాకర్ గారి తల్లి సంపూర్ణమ్మ గారి గొంతు వినబడింది. "కోడలా, పాలల్లో ఈ పొడి కొంచెం చేదుగా తగుల్తోందే."

"అవిసెలు అలాగే ఉంటాయి అత్తయ్యా. గడగడా తాగెయ్యండి."

వీరవేణి గట్టు దగ్గరికి జరిగింది. "అది కాదండి అమ్మగారూ. ఆ గింజలకి నేను శనివారం..."

"వీరవేణీ!" పెరటి గుమ్మంలో పెదబాబు. రెండు చేతుల్లోనూ కొబ్బరికాయల గుత్తులు. "ట్రేలన్నీ ఎండిపోతున్నాయి, నువ్విక్కడ కబుర్లాడుతున్నావా? రా బయటికి. పొట్లాలకి వేరే మనిషిని పంపిస్తానండి అమ్మగారూ."

పెరట్లో, పాకుడు పట్టిన మెట్ల దగ్గర అతను కాయలు దించాడు. చుట్టూ చూశాడు. గొంతు పెంచలేదు, అందుకే భయం వేసింది వీరవేణికి.

"చెప్పేశావా?"

"చెప్పబోతుంటే మీరొచ్చారు. మీకు తెలుసాండీ?"

"నిన్నే తెలిసింది. చెప్పి ఏం చేస్తావ్?"

"తినేస్తారండి! నలభై మంది!"

"కిలోకి మూడు చెంచాలు. దాన్ని మూకుట్లో వేయించారు. దాంట్లో నువ్వులు కలిపారు, అవిసెలు కలిపారు, బెల్లం కలిపారు. ఇంకేం మిగిలింది? ఒక పూట కడుపులో తిప్పుతుంది, వ్రతం ఉపవాసం అనుకుంటారు." రిబ్బను ముడి వేస్తున్నట్టు తువ్వాలు కొస వేలికి చుట్టుకుంటూ అన్నాడు. "చెబితే మాత్రం ఇంకోటుంది. అమ్మగారి సంచికి మందు పట్టించింది ఎవరు? నువ్వు. ఎవరు చెప్పారని అడుగుతారు. నేను ఆరబెట్టమన్నాను అంటాను. యజమానింట్లో తిండికి మందు ఎందుకు కలిపావో స్టేషన్లో చెప్పుకో. నీ కూతురు కానుపుకి వచ్చేసరికి నువ్వెక్కడుంటావో చూసుకో మరి."

అతను కొబ్బరికాయలు ఎత్తుకుని, మామూలు గొంతుతో, "రేపు పనికి ఎనిమిదింటికల్లా వచ్చెయ్యి," అన్నాడు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి సాయిదుర్గ గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటోంది. మూడో నెల. వాంతులు ఆగట్లేదని అత్తారు పది రోజులు తల్లి దగ్గరికి పంపారు. పక్కనే స్టీలు గ్లాసు, గ్లాసు పక్కన ప్లాస్టిక్ పొట్లం, నోరు విప్పి ఉంది.

"ఇదెక్కడిది?"

"హేమశ్రీ గారు ఇచ్చారు. నిన్న అంగన్‌వాడీ దగ్గరికి గుడ్లు తెచ్చుకోవడానికి వెళ్లాను కదా, అక్కడ. బాగానే ఉందమ్మా. నువ్వులుండలా ఉంది."

"ఎంత తిన్నావ్?"

"నిన్న ఒక చెంచా, ఇవాళ ఒకటి. ఏంటలా చూస్తావ్? నీకూ కావాలా?"

వీరవేణి పొట్లం లాక్కుంది. తీసుకెళ్లి దొడ్లో గొయ్యి తవ్వి పూడ్చింది. పైన రాయి పెట్టింది. తిరిగొచ్చి సబ్బుతో చేతులు తోముకుంటుంటే సాయిదుర్గ నడుం మీద చేతులేసుకుని చూస్తోంది.

"అదేమన్నా పాముపిల్లా?"

"పురుగు పట్టింది."

"నాకు కనబళ్లేదే."

"నీ కళ్లకి కనబడదు," అంది వీరవేణి.

బుధవారం పొద్దున్న సాయిదుర్గకి వాంతి అయింది. మూడో నెలలో అది వింత కాదు. నిన్నా అయింది, మొన్నా అయింది. ఈ వాంతి ఏ రకమో చూసి చెప్పడం ఎలాగో వీరవేణికి తెలియలేదు. బొచ్చెలో పడినదాని వైపు చాలాసేపు చూసింది. తలనొప్పి ఉందా అని అడిగితే ఉందంది. కళ్లు తిరుగుతున్నాయా అంటే తిరుగుతున్నాయంది. అడగ్గా అడగ్గా, "నువ్వడిగినవన్నీ వస్తున్నాయమ్మా, ఇంక అడక్కు," అంది.

పని మానేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లింది. నర్సమ్మ బీపీ చూసింది, కార్డు మీద రాసింది. "కొత్తగా ఏమైనా తిన్నావా?"

సాయిదుర్గ కంటే ముందు వీరవేణి, "గింజల పొడండి," అంది.

"మంచిదేగా. రక్తం పడుతుంది. తినమను."

"గింజల్లో ఏమైనా..."

"ఏమైనా అంటే?"

వెనక ఇంకా పదిమంది లైన్లో ఉన్నారు. స్టేషన్లో చెప్పుకో అన్న మాట చెవిలో ఉంది. "ఏం లేదండి," అంది వీరవేణి. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయింది. పదిహేడేళ్లలో ఆ చేత్తో ఎన్ని లక్షల గింజలకి మందు పట్టించిందో తెలియదు గానీ, ఇవాళ్టి లాగా తన చేతిని చూసి తనకి ఎప్పుడూ భయం వెయ్యలేదు.

నిజం చెబితే జైలు. చెప్పకపోతే శుక్రవారం నలభై పొట్లాలు నలభై ఇళ్లకి వెళ్తాయి. ఆ రెంటికీ మధ్య దారి ఒకటి ఆమెకి ఆసుపత్రి మెట్ల మీదే తోచింది. అది అంత గౌరవమైన దారి కాదు.

సాయంత్రం ఒక పాత జాకెట్టు పట్టుకుని ఉషారాణి మిషను దగ్గరికి వెళ్లింది. ఉషారాణి ఊళ్లో సగం మంది ఆడవాళ్లకి జాకెట్లు కుడుతుంది. కొలతలు తీసుకుంటూ కబుర్లు ఇస్తుంది, కబుర్లు తీసుకుంటూ కుడుతుంది. ఆ కొట్లో పొద్దున్న పడ్డ మాట సాయంత్రానికి కాలువ అవతలికి చేరుతుంది.

"చంకలో కుట్లు ఊడాయండి," అంది వీరవేణి. తర్వాత కొంచెం ముందుకి వంగి, "శుక్రవారం అమ్మగారింటికి పేరంటానికి వెళ్తున్నారా ఉషారాణి గారూ?"

"వెళ్లకుండా ఉంటానా? గింజల పొడి ఇస్తున్నారంటగా."

"ఇస్తున్నారండి. మీరు మాత్రం చూసుకుని తినండి."

"ఏం?"

"నేనన్నానని అనకండి. అది తిన్నాక ఒకరిద్దరికి పైపెదవి మీద నూగు మొలుస్తోందంటండి."

ఉషారాణి మిషను ఆగింది. "నూగంటే?"

"మీసం లాంటిదండి. మగవాళ్లకి మరీ మంచిదని అమ్మగారే వీడియోలో చెప్పారు కదండీ. మగవాళ్ల ఒంటికి అంత బాగా పట్టే సరుకు ఆడవాళ్ల ఒంట్లో పడితే ఊరుకుంటుందా మరి?"

ఉషారాణి చెయ్యి దానంతటదే పైపెదవి మీదకి వెళ్లింది. "నిజమేనే. మగవాళ్లకి మంచిదనే అన్నారు," అంది లోగొంతుకలో. జాకెట్టు కుట్లకి డబ్బులు కూడా తీసుకోలేదు.

గురువారం మధ్యాహ్నం అన్నాల దగ్గర తోటి కూలీ ఒకామె వీరవేణికి ఆ కబురు తిరిగి తెచ్చింది. అప్పటికి అది బాగా ఏపుగా ఎదిగింది. ఎవరో కొత్త పెళ్లికూతురికి గడ్డం కూడా వచ్చిందట, రాజమండ్రి తీసుకెళ్లి లేజరు పెట్టిస్తున్నారట. వీరవేణి ముద్ద మింగుతూ, "అయ్యో పాపం," అంది. మంగళవారం తర్వాత మొదటిసారి ముద్ద గొంతు దిగింది.

కానీ సాయిదుర్గకి ఆ సాయంత్రం రెండుసార్లు వాంతి అయింది.

శుక్రవారం నాలుగింటికి హేమశ్రీ గారి వరండా పసుపుకాళ్లతో, పట్టుచీరలతో నిండిపోయింది. పళ్లేలు అందించడానికి, గ్లాసులు కడగడానికి వీరవేణిని ఉండమన్నారు. అరటిగెలలు మోయడానికి పెదబాబు వచ్చాడు. ఒక్కో వాయనంలో తమలపాకులు, రెండు పళ్లు, నానబెట్టిన శనగలు, జాకెట్టుముక్క, వాటి మీద బంగారురంగు రిబ్బను కట్టిన పొట్లం. సంపూర్ణమ్మ గారు కనబడలేదు. పొద్దుటి నుంచీ తల దిమ్ముగా ఉందని పడుకున్నారట.

అయిదింటికల్లా వింత మొదలైంది. వాయనం అందుకున్నావిడ అందుకున్నట్టే పొట్లం తీసి ఎక్కడో ఒకచోట పెట్టేస్తోంది. స్తంభం వెనక నాలుగు. తులసికోట పక్కన మూడు. చెప్పుల స్టాండు మీద ఒక వరస. ఒకావిడైతే ఏకంగా పూలకుండీలో గుచ్చింది.

హేమశ్రీ గారు కాఫీ ట్రేతో వచ్చి ఆ వరస చూశారు. "ఏంటండీ ఇది?"

"బరువైపోయిందండీ," అంది ఒకావిడ.

"మా ఇంట్లో గింజలు పడవండి," అంది ఇంకొకావిడ, ఒడిలో శనగలు తింటూనే.

"ఉషారాణీ, నువ్వు చెప్పు. అబద్ధం ఆడితే వ్రతం నాడు మంచిది కాదు."

ఉషారాణి చీరకొంగు సర్దుకుంది. "ఏమనుకోకండి హేమశ్రీ గారూ. అది తింటే మీసాలొస్తున్నాయంట."

ఎవరో పకపకా నవ్వారు, ఇంకెవరో అందుకున్నారు. హేమశ్రీ గారి ముఖం నల్లబడింది. "ఎవరు చెప్పారు నీకు?"

ఉషారాణి చూపు గ్లాసులు కడిగే తొట్టి దగ్గరికి వెళ్లి ఆగింది.

"వీరవేణీ. ఇలా రా. నువ్వన్నావా?"

"ఆయ్. నేనేనండి."

"మీసాలొస్తాయని?"

"ఆయ్."

"నేను నీకేం తక్కువ చేశాను? మీ అమ్మాయికి ముందుగా పిలిచి ఇచ్చాను కదే!"

పెదబాబు గెల దించి, "అసూయండి అమ్మగారూ. మనం బాగుపడితే వీళ్లు ఓర్వలేరు," అన్నాడు. అంటూనే వీరవేణి వైపు చూశాడు. ఆ చూపులో స్టేషను ఉంది.

హేమశ్రీ గారు చెప్పుల స్టాండు మీద నుంచి ఒక పొట్లం తీసి, ఒక్క గుంజుతో రిబ్బను తెంపారు. "అందరూ చూడండి. నేను తింటాను. అయిదు చెంచాలు తింటాను. రేపు పొద్దున్న వచ్చి నా ముఖం చూసుకోండి." చెంచా నిండా తీశారు. ఈసారి ఎదురుగా ఆపడానికి ఫోను లేదు. చెంచా నిజంగానే నోటి దగ్గరికి వెళ్తోంది.

"తినకండమ్మా!"

వీరవేణి గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. తడిచేతులు ముందుకి చాచి నిలబడింది. "దానికి మందు పట్టించానండి. శనివారం, షెడ్డులో. వంకాయ విత్తనానికీ మిరప విత్తనానికీ పట్టించే మందే. మీ సంచి బల్ల మీదుందండి. మీదని నాకు తెలియదు. మంగళవారం తెలిసింది. చెప్పబోయాను, చెప్పలేకపోయాను. మీసాల మాట అబద్ధమండి. ఇది నిజమండి."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ నమ్మినట్టు కూడా లేరు. శనగలు తింటున్నావిడ నమలడం ఆపింది, అంతే.

"చూశారా!" అన్నాడు పెదబాబు. "మొన్న మీసాలంది, ఇవాళ మందంటోంది. రేపు ఇంకోటంటుంది. ఆ సంచి నేను ఆరబెట్టమన్నానండి, ఆరబెట్టింది, అంతే. మందూ లేదు మాకూ లేదు. తినండమ్మా మీరు."

అది సబబుగానే ఉందనిపించింది వరండాలో చాలామందికి. అబద్ధం ఆడిన మనిషి ఆడినట్టు ఒప్పుకున్నాక, ఆ తర్వాతి మాట ఎందుకు నమ్మాలి? వీరవేణికి తన తెలివి తన మెడకే చుట్టుకోవడం తెలుస్తోంది.

హేమశ్రీ గారు చెంచా వైపు చూశారు. వీరవేణి వైపు చూశారు. తర్వాత, ఇంట్లో ఇరవై ఏళ్లు సరుకులు తూచి తీసుకున్న ఆడది చూసే చూపుతో పెదబాబు వైపు చూశారు.

"పెదబాబూ, ఇలా రా. చెయ్యి పట్టు."

అతను పట్టాడు. ఆవిడ చెంచాలోది అతని అరచేతిలో పోశారు. "తిను."

"నాకు షుగరండి అమ్మగారూ. బెల్లం పడదు."

"పొద్దున్న ప్రసాదం బూరెలు నాలుగు తిన్నావ్. నేనే వడ్డించాను."

పెదబాబు నవ్వబోయాడు. అరచేతిలో పొడి, మధ్యలో పొట్టు పలుకులు. వరండాలో నలభై మందీ ఆ చేతినే చూస్తున్నారు. చెయ్యి కొంచెం పైకి లేచింది. గడ్డం దాకా వచ్చి ఆగింది. మళ్లీ దిగింది.

"ఉండండి, చెయ్యి కడుక్కుని వస్తాను," అన్నాడు.

పెరట్లో కుళాయి దగ్గరికి నడిచాడు. పొడి నేల మీద దులిపాడు. సబ్బు రాసి కడిగాడు. గోళ్ల సందుల్లో కడిగాడు. మళ్లీ సబ్బు రాసి మళ్లీ కడిగాడు. షెడ్డులో పని అయ్యాక అందరూ అలాగే కడుగుతారు. తిరిగి వరండాలోకి రాలేదు. పెరటి గేటు చప్పుడు వినబడింది.

హేమశ్రీ గారి చేతిలోంచి చెంచా జారి పడింది. "అత్తయ్య," అన్నారు. "అత్తయ్యకి నాలుగు రోజుల నుంచీ పాలల్లో..." అంటూనే లోపలికి పరుగెత్తారు.

సంపూర్ణమ్మ గారు మేలుకునే ఉన్నారు. మంచం పక్కన వాంతి. అడిగితే జవాబు చెబుతున్నారు గానీ, మాట ముద్దగా వస్తోంది. సుధాకర్ గారు నర్సరీ నుంచి కారులో వచ్చి, తల్లిని చేతుల మీద ఎత్తుకుని వెనక సీట్లో పడుకోబెట్టారు. హేమశ్రీ గారు అత్తగారి తల ఒళ్లో పెట్టుకుని, రాజమండ్రిలో తెలిసిన డాక్టరుకి ఫోన్ చేశారు.

"ఏ మందండీ? ... డబ్బా తెప్పించాం డాక్టర్ గారూ, కాగితం తడిసి ఊడిపోయింది... ఎంత కలిపారా? ఉండండి." ఆవిడ తలెత్తారు. "వీరవేణీ! కిలోకి ఎంత?"

"మూడు చెంచాలండి."

"మూడు చెంచాలంట. ఏ చెంచా?"

"డబ్బాలోనే ఉంటుందండి, తెల్ల ప్లాస్టిక్‌ది. తలకొట్టి, అంచుకి మట్టంగా."

"తలకొట్టిన చెంచాలంటండి. నీళ్లలో నానిందా, పైన పట్టించావా?"

"పైనేనండి. చిలకరించి, డ్రమ్ములో దొర్లించానండి."

హేమశ్రీ గారు ఒక్కో మాటా అలాగే ఫోన్లో చెబుతున్నారు, పొల్లు పోకుండా, తనది ఒక్క ముక్క కూడా కలపకుండా. చెప్పడం అయ్యాక, "మందు కలిపిన మనిషిని కూడా తీసుకురమ్మంటున్నారు. ఎక్కు," అన్నారు.

వీరవేణి కారు తలుపు పట్టుకుంది, ఎక్కలేదు. "వస్తానండి. ముందు మా వీధికి పోనివ్వాలి."

"టైమ్ లేదు వీరవేణీ," అన్నారు సుధాకర్ గారు స్టీరింగు మీద చెయ్యేసి. "అమ్మ పరిస్థితి చూస్తున్నావుగా. మీ ఇంటికి తర్వాత..."

"మా సాయిదుర్గ తిందండి. సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి. దానికి మూడో నెల. అది ఎక్కితేనే నేను ఎక్కుతాను."

ఆమె అడగడం లేదు. ఆ సంగతి కారులో ఇద్దరికీ అర్థమైంది. సుధాకర్ గారు భార్య వైపు చూశారు. హేమశ్రీ గారు, "పోనివ్వండి," అన్నారు.

వీధి సన్నం. కారు మలుపులో ఆగింది, హారను మోగింది. వీరవేణి పరుగున వెళ్లి కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. సాయిదుర్గ నైటీ మీద తువ్వాలు కప్పుకుని, తడి నేల మీద ఉత్త కాళ్లతో వచ్చి, కారు ముందు నిలబడిపోయింది.

"కాళ్లకి బురదండి," అంది.

"పర్లేదు, ఎక్కమ్మా," అన్నారు హేమశ్రీ గారు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. అవతల డాక్టరు ఏదో అడిగారు. "మొత్తం ఎంతమంది తిన్నారా? ఇద్దరండి. మా అత్తగారు, ఇంకొక అమ్మాయి."

సాయిదుర్గ ఒక కాలు కారులో పెట్టి ఆగింది. "ఏం తిన్నామండి?"

"ఆ పొడి. గింజల పొడి," అంది వీరవేణి.

"ఇద్దరేంటమ్మా మరి?" సాయిదుర్గ తల్లి వైపు, తర్వాత హేమశ్రీ గారి వైపు చూసింది. "సోమవారం అంగన్‌వాడీ దగ్గర ఆరుగురం కూర్చున్నాం కదండీ. అందరికీ ఇచ్చారు మీరు. ఫొటో కూడా తీశారు."

వైపర్లు అద్దం మీద రెండుసార్లు అటూ ఇటూ తిరిగాయి. సుధాకర్ గారి చెయ్యి గేరు మీదే ఉండిపోయింది. హేమశ్రీ గారు వేళ్ల మీద లెక్కపెట్టారు. ఫోన్లోంచి, "హలో, హలో," అని వినబడుతోంది.

"ఏడుగురండి," అన్నారు ఆవిడ చివరికి.

అవతలి నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది. ఆవిడ ఫోను చెవి నుంచి తీసి సాయిదుర్గ ముందుకి చాచారు.

"ఎన్నో నెలని అడుగుతున్నారమ్మా. నువ్వే చెప్పు. నేను అడగలేదు వాళ్లని."

సాయిదుర్గ ఫోను అందుకుంది. "నాగలక్ష్మికి నాలుగండి," అని మొదలుపెట్టింది. వీరవేణి కారు ఎక్కకుండానే, పేరు పేరుకీ ఏ ఇల్లు ముందు తగులుతుందో చూసుకుంటూ, వానలో వీధి లోపలికి నడిచింది.